నల్ల తెర మీద తొలి పేజీ

బోర్డులు రాసే ఇస్సాకు రంగు డబ్బా గుమ్మం పక్కన దించి, కూతురి బల్ల మీదున్న, ట్రాక్టర్‌లో బిగించే చిన్న కంప్యూటర్ తెరకేసి చూశాడు. ఎనిమిది నెలలుగా ఆ తెర మీద ఒక్క చుక్క కూడా పడలేదు.

"ఏం బిడ్డా, ఇయ్యాల గూడ నల్లగనేనా?"

"జర ఆగు నాయినా. సోమారం దాక చూస్తమన్నరు మా కంపెనోళ్లు. కాకుంటే ఈ పని బందంట."

"గీ వాన కబురు పేజీ ఫోన్ల మంచిగ కనవడ్తది గద. దీంట్ల ఎందుకు రాదు?"

"పేజీని గీసే బ్రౌజర్ ఇంజిన్ అన్నిట్ల ఒక్కటే. కానీ గీత గియ్యి, అక్షరం వెట్టు అని ఒక్కో మిషన్‌కు ఒక్కో తీరుగ చెప్పాలె. ఈ మిషన్‌కు తెలిసే తీరుగ నేను మళ్ల రాస్తున్న."

"అంటే గోడకో కుంచె, లారీ రేకుకో కుంచె. అక్షరం మాత్రం అదే."

"గంతే నాయినా! ఇగ చూడు."

ఆమె మీట నొక్కింది. ముందు ఒక గీత, తర్వాత నీలం రంగు, ఆ వెనకే వరుసగా తెలుగు అక్షరాలు తేలాయి: 'జహీరాబాద్‌లో సాయంత్రం వర్షం.' ముప్ఫై ఏళ్లుగా కుంచె పట్టిన ఇస్సాకు తెర మీదికి వంగి ఒక్కో అక్షరం చూశాడు.

"చెయ్యి వెట్టకుండ రాసింది... ఒక్క వత్తన్న పక్కకు జరగలేదు గదనే!"

"ముట్టుకో నాయినా. వేలుతోని జరిపితే పేజీ జరుగుతది."

అతను చేతిని లుంగీకి తుడుచుకున్నాడు. తెర దాకా చాచిన వేలిని చప్పున వెనక్కి తీసుకున్నాడు.

"ఆగు బిడ్డా, జర ఆరనీ."