కట్ల వదిన అంటు

ఆ గింజ పారేయకమ్మా, ఇలా ఇవ్వు. అవకాడో గింజ చూస్తే నాకు మా పెద్దవదిన గుర్తొస్తుంది. నువ్వు పుట్టకముందే పోయిందిలే. ఆసుపత్రిలో నర్సు, గాయాలకి కట్లు కట్టే గదిలోనే ముప్పై ఏళ్ళు చేసింది, అందుకే అందరికీ కట్ల వదిన. ఇదిగో, ఈ వెడల్పు వైపు నీళ్ళలో మునిగేలా, గింజకి మూడు పుల్లలు గుచ్చి గ్లాసు మీద నిలబెట్టింది. నెలన్నరకి మొలకొచ్చింది. పెరట్లో పెడితే ఏడేళ్ళలో మేడెక్కింది కానీ, ఒక్క పిందె లేదు. మా అన్నయ్యేమో, "వేళ్ళు గోడ కిందకి పోతున్నాయి, కొట్టించేస్తా" అని రోజూ అదే పాట. కనీసం పిల్ల మొక్కైనా మిగలాలని వదిన నాలుగు కొమ్మలు ఇసుకలో గుచ్చింది. నాలుగూ కుళ్ళిపోయాయి. మొక్కలమ్మే ఆయన్ని అడిగితే, "గింజ చెట్టు ఎప్పుడు కాస్తుందో దానికే తెలీదమ్మా. మొదలు నరికి, దాన్నుంచి వచ్చే కొత్త చిగుళ్ళకి కాసే చెట్టు కొమ్మ తెచ్చి అంటు కట్టు" అన్నాడు. కాసే చెట్టు మాకు తెలిసింది ఒక్కటే. వదిన చెల్లెలి పెరట్లోది.

అక్కడే వచ్చింది చిక్కు. ఆ అక్కాచెల్లెళ్ళకి పదకొండేళ్ళుగా మాటల్లేవు. వాళ్ళమ్మ మంచాన పడి చనిపోతే వదిన వెళ్ళలేదు. సెలవు దొరకలేదంది. "ఊరందరికీ కట్లు కడతావు, అమ్మ దగ్గర కూర్చోడానికి తీరలేదా?" అని చెల్లెలు ముఖం మీదే అంది. అంతే.

సరే, చెట్టు నరికించి, మోడుకి వచ్చిన చిగుళ్ళు పెన్సిలంత లావయ్యాక వదిన నన్ను తోడు తీసుకుని చెల్లెలింటికి వెళ్ళింది. ఆవిడ తలుపు తీసి, లోపలికి రమ్మనలేదు. "ఏం కావాలి?" అంది. "నీ చెట్టు కొమ్మలు మూడు." అంది వదిన. ఆవిడ లోపలికెళ్ళి కత్తెర తెచ్చి, "ఏవి పనికొస్తాయో నువ్వే కోసుకో" అంది. తడిగుడ్డలో చుట్టి తెచ్చాం. వదిన బ్లేడుతో చిగురు చీల్చి, ఆ కొమ్మ చివర చెక్కి అందులో దిగేసి, ప్లాస్టిక్ పట్టీ చుట్టింది. చిన్నపిల్లాడి వేలికి కట్టు కట్టినట్టే, బిగువూ కాదు, వదులూ కాదు. రెండు నల్లబడిపోయాయి. ఇరవయ్యో రోజున చెల్లెలు తనంతట తనే వచ్చి, గుమ్మంలోంచే, "బతికిందా?" అంది. మూడోది బతికింది. అప్పట్నుంచి ఆదివారం ఆదివారం వచ్చేది. చెట్టు చూడ్డానికే అనేది. మేం కూడా అలాగే అనుకున్నట్టు ఉండేవాళ్ళం.

మూడేళ్ళకి తొలికాపు, అయిదు కాయలు. మెత్తబడ్డాక ఒకటి కోసి, ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఉప్పూ మిరియాల పొడీ చల్లుకుని తింటున్నారు. నేను పక్కన మొక్కలకి నీళ్ళు పోస్తున్నా. వదిన తలెత్తకుండా, "సెలవు ఇవ్వకపోవడం కాదే. నేను అడగలేదు. ఎన్ని చావులు చూశానో, అమ్మది చూడలేకపోయాను" అంది. చెల్లెలు చెంచాతో తొక్క అడుగు గీకి, ఆ ముక్క అక్క నోటి దగ్గర పెట్టి, "తెలుసు. ఆసుపత్రికి వెళ్ళి అప్పుడే కనుక్కున్నాను. నువ్వెప్పుడు చెప్తావా అనే..." అంది.

సరే. ఎండ ఇటు తిరిగింది, ఆ కుర్చీ కాస్త నీడలోకి లాగమ్మా.