పెద్దమ్మ అని చెప్పలేదు

హలో… ఆఁ, నేనేనండీ. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే మనిషిని… అవునవును, పోయిన వారం ఫోన్‌లో చెప్పాను. జీతంతో సెలవు ఇచ్చే కొత్త పథకం… ఆ నియమాల మీద ఎవరైనా అభిప్రాయం చెప్పొచ్చు అంటేనూ—

చదివి వినిపిస్తారా? అయ్యో, నాలాంటిదాని మాట కూడా మళ్లీ చదువుతారా! చదవండి బాబూ, చదవండి…

ఆఁ… ఆఁ… ‘అమ్మను చూసుకోవడానికి మూడు నెలలు సెలవు కావాలి’… నా మాటే. అచ్చం అలాగే అన్నాను…

ఆ చివరిది మళ్లీ చదవండి?… ‘ఇప్పుడున్న నియమాన్ని సమర్థిస్తున్నారు’?

సమర్థించడమేమిటండీ! అది మార్చమనేగా నేను ఫోన్ చేసింది—

…తల్లికి ముందే ఉందా? తెలుసండీ. తల్లి, తండ్రి, భర్త, పిల్లలు. మా నోటీసు బోర్డు మీద అంటించారు. మా అమ్మ అందులోకి రాదు—

అంటే… అమ్మే. కన్నది కాదు. పెద్దమ్మ. మా అమ్మకి అక్క. నాకు ఎనిమిదో నెలప్పుడు కన్నతల్లి పోతే ఈవిడ చంకనేసుకుంది. మాటలొచ్చిన్నాటినుంచీ అమ్మా అనే పిలుస్తాను. ఆరోజూ నోటికి అదే వచ్చింది… పెద్దమ్మ అని చెప్పలేదా నేను? ఒక్కసారి కూడానా?…

ఖర్మ.

దత్తత కాగితమా? చెల్లెలి బిడ్డను ఎత్తుకోడానికి కాగితం ఎవరు రాయించుకుంటారు బాబూ…

సరే, ఇప్పుడు దిద్దండి. ఎంతసేపు? ‘పెద్ద’ అని ముందు ఒక్క మాట చేర్చండి, చాలు—

నిన్నటితోనా… గడువు.

…

మరి చదవడం ఎందుకండీ?… ఓహో. సరిగ్గా ఉందని నేను అనాలి. అంతేనా.

పోనీ, కొట్టేయండి. నా మాట లేకపోయినా ఫర్వాలేదు, ఆ నియమం బాగుందన్నవాళ్లలో నన్ను కలపకండి… అదీ కుదరదా?…

లేదు బాబూ, మీ మీద కోపం దేనికి. మీరు విన్నదే రాశారు. నేనూ నిజమే చెప్పాను. ఎవరం అబద్ధం ఆడకుండానే ఇలా ఎందుకైందో ఆ పైవాణ్ణే అడగాలి. ఆయనైనా చెబుతాడో లేదో…

రేపా? డ్యూటీకే. సెలవడిగితే మా సూపర్‌వైజరు ‘పెద్దమ్మేగా’ అంటాడు… ఆవిడా? మొన్న పొయ్యి వెలిగించి మరిచిపోయింది. అంతకుముందు బయటికెళ్లి, మా ఇల్లేదో తెలియక ఎవరింటి మెట్ల మీదో కూర్చుంది. అందుకని… బయట గొళ్లెం పెట్టి వెళ్తాను.

…తెలుసండీ. తప్పే. లోపల్నించి తలుపు కొట్టకుండా పడుకుంటే చాలని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నా. అదేం దణ్ణమో.

ఇంకో ఫోనుందా? తీసుకోండి, తీసుకోండి. కానీ బాబూ, వాళ్లెవరైనా అమ్మ అన్నారనుకోండి… కన్నదా పెంచిందా అని ముందే అడిగి—

హలో?… హలో…