అరిగిన అంచుకు తామే సాక్ష్యం చెప్పిన పెంకుల మాస్టారు

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం, మ్యూజియం వెనుక భాగంలోని మరమ్మతు గదిలో సహాయకులుగా చేరిన వారు ఈ నెలాఖరున అదే గది నుండి పదవీ విరమణ చేస్తున్నారు. హాజరుపట్టీలో వారికి వేరే పేరున్నా, ఈ భవనంలో అందరికీ వారు పెంకుల మాస్టారే.

తవ్వకాల నుండి బస్తాలలో వచ్చే కుండపెంకులను కడిగి, అంకెలు వేసి, రంగునూ మందాన్నీ విరిగిన అంచునూ చూసి జతపరచడం వారి తొలి బాధ్యత. అతికిన పెంకు జిగురు ఆరేవరకు ఇసుక పళ్ళెంలో నిలబడి ఉండాలి. ఆ పళ్ళెం దగ్గర తుమ్మిన వారిని మాస్టారు వారం రోజులు గుర్తుపెట్టుకునేవారు. నాలుగవ ఏట, రెండు వందల పన్నెండు ముక్కలుగా వచ్చిన పెద్ద ధాన్యపు జాడీని వారు ఒంటిచేత్తో నిలబెట్టారు. కొత్త ప్రదర్శనశాలకు అది ఇరవై మూడేళ్ళు తలమానికంగా వెలిగింది.

రెండు వేల పదహారులో పాత జిగురు పట్టు తప్పడంతో జాడీని విడదీయవలసి వచ్చింది. ఆ ఏడే తాత్కాలిక ఉద్యోగంలో చేరిన కంప్యూటర్ నిపుణురాలు, పెంకులను అన్ని వైపులా స్కాన్ చేసి, అంచుల వంపులను పోల్చి, ఏది దేని పక్కదో కంప్యూటర్ చేతనే చెప్పించే పద్ధతిని తెచ్చారు. దీనికి చేతులు లేవు కదమ్మా, పెంకు బరువు ఎలా తెలుస్తుందని మాస్టారు అడిగితే, "మీకున్నాయి కదా బాబాయిగారూ, అందుకే మిమ్మల్ని ఉంచుకున్నాం" అన్నదట ఆ అమ్మాయి.

జవాబు ముందే తెలిసిన జాడీ కనుక, మ్యూజియం కమిటీ దానినే పరీక్షగా పెట్టింది. కంప్యూటర్ రెండు వందల పదకొండు పెంకులను యథాస్థానంలో చేర్చి, మెడ దగ్గరి ఒక్కదానిని మాత్రం ఇది ఈ జాడీది కాదని పక్కన పెట్టింది. పద్ధతి విఫలమైందనీ, సోమవారం ఆ అమ్మాయిని పంపించివేయాలనీ పెద్దలు తేల్చారు. యంత్రం మీద మాస్టారు గెలిచారని శుక్రవారం గదంతా చప్పట్లు కొట్టింది. కొట్టిన చేతులలో ఈ సన్మాన సంచిక పట్టుకున్న చేతులు చాలా ఉన్నాయి.

మాస్టారు మాత్రం ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండిపోయారు. ప్రదర్శనశాల ప్రారంభానికి మూడు రోజుల ముందు, కూర్చోనని మొరాయించిన ఆ పెంకు అంచును గరుకు కాగితంతో అరగదీసి ఇరికించిన చేయి వారిదే. సంగతంతా విన్న శ్రీమతి మందలించలేదు. "ఆ పిల్ల ఉద్యోగం పోయాక చెబితే ఎవరికి పనికొస్తుందండీ? సోమవారమే చెప్పేయండి. కాస్త తిని మరీ వెళ్ళండి, ఖాళీ కడుపుతో మీకు మాట పెగలదు" అన్నారు.

సోమవారం కమిటీ ముందు మాస్టారు లేచి నిలబడ్డారు. "తప్పు కంప్యూటర్‌ది కాదండీ. ఆ అంచు నేను అరగదీశాను. ఈ అమ్మాయిని పంపితే నన్నూ పంపండి."

తరువాత, ఏ కుండవో తేలని నాలుగు వేల పెంకులను స్కాన్ చేయించగా, జాడీ మెడకు చెందిన అసలు పెంకు వాటిలోనే దొరికింది. ఆ అమ్మాయి ఉద్యోగం నిలిచింది. నేడు ఆ గదికి అధిపతి ఆమెయే. మాస్టారికి రావలసిన పదోన్నతి మాత్రం ఆగిపోయింది. వారు అప్పీలు చేయలేదు. తప్పుకు దండన న్యాయమే. కానీ అంచును ఒక్కసారైనా తాకి చూడకుండా ఇరవై మూడేళ్ళు తనిఖీ పత్రాలపై సంతకాలు చేసిన పై అధికారులలో ఒక్కరికైనా సంజాయిషీ నోటీసు అందకపోవడం అన్యాయం. సన్మాన సంచికలో ఈ మాట తగదనేవారు, తగిన చోటేదో చూపించాలి.

అరగదీసిన పెంకు ఇప్పుడు, ఆ స్కాన్‌లోనే జాడ తెలిసిన తన సొంత చిన్నకుండలో ఉంది. అంచు అరిగినందున గోరంత సందు మిగిలింది. సున్నపు ముద్దతో పూడ్చుదామంటే మాస్టారు ఒప్పుకోక, "కనబడనివ్వండి, అడిగినవాళ్ళకు నేనే చెబుతాను" అన్నారు. అడిగేవారు ఇంకా పుట్టుకొస్తూనే ఉంటారు గనుక, వారందరికీ స్వయంగా సమాధానమిచ్చేటంతటి నిండు ఆయుష్షు, చెదరని కంటిచూపు, వణకని చేయి మాస్టారికి కలగాలనీ, సోమవారమే చెప్పమన్న ఆ ఇల్లాలు వారి పక్కనే చిరకాలం ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాము.