కదిరమ్మ అడిగి తెచ్చుకున్న ఊదుగొట్టం

బయన్న అని ఒకడుండె. గొర్రెల బేరగాడు. ఇల్లు చూస్తే ఊరి చివర. వానికి దొంగల భయమంటే మామూలు భయం కాదప్పా, కుక్క మొరిగితే లేచి కూచునే రకం. తుపాకీ పెట్టుకుందామంటే లైసెన్సు లేదు, ఠాణావాళ్ళకు తెలిస్తే జైలు. అప్పుడేం చేసినాడంటే, కమ్మరి మోనాచారి దగ్గరికి పోయి, సోమీ, చూసినోడికి తుపాకీ అని తెలీకూడదు, దొంగ పక్కనే నిలబడినా అనుమానం రాకూడదు, అట్లాంటిది చేసియ్యి అన్నాడంట. మోనాచారి రోంతసేపు ఆలోచన చేసి, ఊదుగొట్టం మాదిరి చేసిచ్చినాడు. అదే, పొయ్యి ఊదుకునే ఇనప గొట్టం, మన ఇండ్లల్లో ఉండేదే అనుకో. దాంట్లో మందూ గుండూ కూరి, తెచ్చి పొయ్యి పక్కన గోడకు ఆనించి పెట్టినాడు బయన్న. ఎంత తెలివో చూడండి! పెండ్లానికి గూడా చెప్పలా. "పాతది పోయినప్పుడు వాడుకుందువులే, అంతదాకా దాన్ని ముట్టుకోవద్దు" అన్నాడంతే. ఆడోళ్ళ నోట్లో మాట దాగదని వాని లెక్క. నన్ను అట్ల చూడొద్దు మే, నేనన్నది కాదు, వాడనుకున్నది.

ఏమైందంటే, ముసురు పట్టింది. వదిలేదే లేదు. కట్టెలన్నీ నాని పొయ్యి మండదు. పక్కింట్లో కదిరమ్మ అని ఒక పిల్ల, చంటిబిడ్డ తల్లి. వచ్చి, "అత్తా, మా గొట్టం పగిలింది, పుల్లలు అంటుకోని చావడంల్యా, బిడ్డకు నీళ్ళు కాగబెట్టాల" అనింది. బయన్న పెండ్లాం చేతిలో గొట్టం ఆమెకే కావాలాయె, గోడకు ఊరికే ఉండేది తీసి ఇచ్చేసింది. ఇయ్యదా? ఊదుగొట్టం అడిగితే లేదు పొమ్మనే ఇల్లు ఉంటాదా మనలో?

బయన్న ఇంటికొచ్చి గోడ దిక్కు చూసినాడు. ఏదే గొట్టం అంటే, కదిరమ్మ తీసుకపాయె అనింది పెండ్లాం. వాడు ఆ వానలోనే పరిగెత్తినాడు. పోతే ఏముండాది, కదిరమ్మ ఇంటి అరుగు మీద తలారి కూచోనుండాడు, వాన తగ్గేదాకా ఆగినట్టుండాడు. తలారి అంటే ఠాణాకు కన్నూ చెవీ ఆయనే. బయన్న కాళ్ళు ఆగిపోయినాయి. నోరు తెరిస్తే జైలు. వాకిట్లో నుంచే మెల్లగా, "అమ్మా కదిరమ్మా, మా గొట్టం ఇచ్చెయ్యి తల్లీ, పనుండాది" అన్నాడు. ఆ పిల్ల పొగలో కండ్లు తుడుచుకుంటా నవ్వింది. "ఏం మామా, గొట్టానికి గూడా ఇంత పిసినారితనమా? మసిబట్టి మూసుకపోయింది నీ గొట్టం, ఊదితే గాలే పోలా. నిప్పుల్లో పెట్టినాలే, మసి కాలిపోతాది. బాగుచేసే ఇస్తాలే" అనింది. చూసినారా? వానికి మేలు చేస్తాంది ఆ పిల్ల! గొట్టం కొస నిప్పుల్లో ఉండేది బయన్నకు కనపడతానే ఉండాది. లోపలికి పోయి లాక్కుందామంటే ప్రాణభయం. "వద్దమ్మా" అన్నాడు. మళ్ళా "వద్దు తల్లీ, ఇచ్చెయ్యి" అన్నాడు. ఎందుకొద్దో చెప్పలా. అది తుపాకమ్మా అనలా. తలారి దిక్కు చూసినాడు, పిల్ల దిక్కు చూసినాడు. కదిరమ్మ ఏమో, దారి పడిందేమోనని వంగి గొట్టంలోకి చూసింది. అంతే. ఇంగ నేను చెప్పలేను. ఉయ్యాల్లో బిడ్డ ఏడ్చిన ఏడుపు ఆ వానలో ఊరంతా ఇన్నారంట.

దినాలు కాకముందే చావిట్లో పంచాయితీ. ఒకడంటాడు, దొంగలుండేది నిజమే గదా, మనిషి తన్ను తాను కాపాడుకోవద్దా అని. ఇంకొకడంటాడు, కాపాడుకోనీ, తుపాకిని తుపాకి మాదిరే పెట్టుకోవాల గాని ఇదేం దొంగ యేషమప్పా అని. మోనాచారికి కోపమొచ్చి, "నేను కొడవండ్లు గూడా చేస్తాండా, ఎవడు యాడ కోసుకున్నా నాదేనా తప్పు?" అన్నాడు. కదిరమ్మ అత్త సుంకమ్మ, బిడ్డను ఒళ్ళో ఏసుకొని కూచోనుండాది, అప్పుడు నోరు తెరిచింది. "సోమీ, కొడవలి కొడవలి మాదిరే ఉంటాది. బిడ్డ పుట్టినాక నా కోడలు దాన్ని బిడ్డకు అందకుండా చూర్లో చెక్కి పెట్టింది. నువ్వు చేసిందాన్ని చూస్తే యాడ పెట్టాలని తెలుస్తాది ఎవరికైనా?" బయన్న ఏడుస్తా, "దొంగకు తెలీకూడదనే చేయించినా వదినా" అన్నాడు. "దొంగ రానే రాలేదు గదా నాయనా. తెలీకపోయింది నా కోడలికి. వాకిట్లోనే నిలబడుంటివి, వద్దు వద్దంటివి. ఎందుకొద్దో ఒక్క మాట చెప్పింటే ఏంపోయె?" అనింది. "చెప్తే ఇంగ దాచిపెట్టి ఏం లాభం వదినా" అన్నాడంట. ఆ మాట బయటికొచ్చినాక గాని వానికే ఇనపడలేదేమో, ఆడనే కూలబడి తల నేలకేసి కొట్టుకున్నాడు. ఎవరూ పోయి పట్టుకోలా.

తలారి వాన్ని ఠాణాకు తోలకపోయినాడు. ఏ జైలుకు భయపడి నోరు మూసుకున్నాడో ఆ జైలుకే పోయినాడు. సుంకమ్మ ఆ ముసలితనంలో బిడ్డను ఎత్తుకొని పాల కోసం ఇల్లిల్లూ తిరిగింది. చావిట్లో వాదన మాత్రం ఇప్పటికీ తెగలా. తప్పు తుపాకీదని కొందరు, చేసినోడిదని కొందరు, ఆ యాళకొచ్చి కూచున్న తలారిదని గూడా కొందరు. మాట్లాడుకోనీ, వాళ్ళకేం, వాళ్ళ పొయ్యిలు మండతానే ఉండాయి. సరే, లేయండి, పొద్దుపోయింది. మీ ఇండ్లల్లో ఎవరెవరు ఏమేం దాచిపెట్టినారో నేనడగను. ఇంట్లోవాళ్ళకన్నా చెప్పి చావండి.