అజయ్ విన్నది, తారి గారు నమ్మినది

2003 జూన్ 16, సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు జనగామలోని మన ప్రత్యేక పిల్లల కేంద్రంలో సహాయకురాలిగా శ్రీమతి బానోతు తారి గారు బాధ్యతలు స్వీకరించారు. జఫర్‌గఢ్ బస్సు దిగి వచ్చిన వారికి ఆ ఉదయం గేటు తీసినవాడు ఈ వ్యాసకర్త, అనగా కావలిదారు సోమనర్సయ్య. గోడ అవతల చీమ నడిచినా వినగల చెవులు ఈ మూడు జిల్లాల్లో ఇతనికొక్కడికే ఉన్నాయన్నది జగమెరిగిన సత్యం గనుక దానిని ఇక్కడ విస్తరించడం లేదు.

ఆనాడు తారి గారికి అప్పగించిన పనిని వేదికల మీద ప్రస్తావించడానికి పెద్దలు సంకోచిస్తారు. ఆటిజం ఉన్న పిల్లలను మరుగుదొడ్డికి తీసుకెళ్లడం, కూర్చోబెట్టడం, కడుక్కోవడం నేర్పడం వారి పని. ఆ పిల్లల్లో కొందరికి వస్తున్నదని చెప్పడం తెలియదు. కొందరికి నీళ్ల హోరు చెవుల్లో మేకులా దిగుతుంది. కొందరికి చల్లని నేల మీద పాదం మోపడమే శిక్ష. ఇతరులు మొండితనమని తేల్చేసిన చోట తారి గారు కారణం కోసం వెతికేవారు. మనీషా అనే పాప ప్లాస్టిక్ మగ్గును చూస్తేనే ఏడుస్తుంటే, వారు ఆ ఇంటికి వెళ్లి, పాప రోజూ వాడే స్టీలు చెంబును అడిగి తెచ్చారు. ఆనాటి నుండి మన కేంద్రంలో ప్రతి బిడ్డకూ తన ఇంటి చెంబే ఉండడం ఆచారమైంది. 2011లో మహబూబాబాద్‌కు బదిలీ అయ్యాక, ఫినాయిల్ వాసనకే పారిపోయే పిల్లవాడి కోసం ఆ సీసాను మాన్పించి, ఏడేళ్లపాటు వట్టి వేడినీళ్లతో తామే గదులు కడిగారు.

2018లో వారు, వారి వెనుకే ఈ కావలిదారు, భూపాలపల్లి చేరారు. అక్కడి కేంద్రం అద్దె ఇల్లు. మరుగుదొడ్డి పెరటి వైపు. 2023లో టేకుమట్ల వైపు నుంచి ఎల్లక్క అనే తల్లి తన ఎనిమిదేళ్ల అజయ్‌ను తెచ్చి చేర్చింది. అజయ్‌కు మాటలు లేవు. ఆ మరుగుదొడ్డి గడప దాకా వచ్చేవాడు. రెండు చేతులతో చెవులు మూసుకొని నేల వంక చూసేవాడు. ఇక అడుగు పడేది కాదు. పొద్దున పదకొండు గంటలప్పుడు మాత్రం, వరండాలో ఆడుకుంటూ కూడా హఠాత్తుగా ఆగి, ఎవరో పేరు పెట్టి పిలిచినట్లు ఆ గది వైపు తల తిప్పేవాడు.

పొద్దంతా ఆపుకొని ఆపుకొని పిల్లవాడి పొట్ట రాయిలా గట్టిపడింది. ఇలాగే సాగితే పేగు దెబ్బతింటుందని దవాఖానలో హెచ్చరించారు. కేంద్రం బాధ్యులు తిరుపతి గారు ఎంతో నొచ్చుకుంటూనే, దసరాలోపు మార్పు రాకుంటే బిడ్డను ఇంటి దగ్గరే ఉంచుకోమన్నారు. ఎల్లక్క తారి గారి ముందు కూలబడింది.

"పత్తి ఏరవోకుంటె ఇల్లెట్ల గడుస్తదక్కా? వీన్ని గుంజకు కట్టేసి పోవాల్నా?"

ఆ గదిలో ఏదో ఉన్నదని సిబ్బందిలో గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు ఈ వ్యాసకర్త, తన అపార అనుభవంతో, తలుపుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టించాడు. గాలికి ఊగుతున్న ఆ కొత్త వస్తువును చూసిన అజయ్ మరునాటి నుంచి గడపే కాదు, వరండా కూడా ఎక్కలేదు.

తారి గారు కోప్పడలేదు. "దయ్యానికి గాదు సోమన్నా, పోరనికి కట్టినవ్ అడ్డం. విప్పు," అన్నారు.

మరునాడు పదకొండు గంటలకు వారు ఒంటరిగా ఆ గదిలోకి వెళ్లి తలుపు మూసుకున్నారు. అజయ్ ఎక్కడ చూసేవాడో అక్కడే, వాడి ఎత్తున వంగి చూసి, ఆపై చెంప నేలకు ఆనించి పడుకున్నారు. బయట కరెంటు లేదు, గాలి లేదు. పెరట్లో తులసి ఆకు కదలలేదు. వాకిట్లో నిలబడ్డ అజయ్ మాత్రం చెవులు మూసుకొని మెల్లగా ముందుకూ వెనక్కూ ఊగసాగాడు. కొంతసేపటికి తారి గారు బయటికొచ్చారు. చెంప మీద సిమెంటు గీతలు పడ్డాయి. ఎవరూ ముట్టని బకెట్లో నీళ్లు వలయాలు తిరిగాయని చెప్పారు.

"ఉన్నదన్నా. కింద ఎవలో ఊపిరి గుంజుతున్నట్టున్నది. పోరనిది ఉత్త భయం గాదు."

తిరుపతి గారు లోపలికెళ్లి చెవి పెట్టారు, ఏమీ వినబడలేదన్నారు. ఆయన అన్యాయస్థులు కారు గనుక ఈ వ్యాసకర్తను పిలిచి, "చీమ చప్పుడు ఇంటనంటవు గద, నువ్వు చెప్పు," అన్నారు. ఇతను బోర్లా పడుకొని విన్నాడు. లేచి, "ఇన్న సార్. శానా లోతుకెళ్లి వస్తున్నది," అన్నాడు. ఆ సాయంత్రమే గదికి తాళం పడింది.

పెరటికి దూరంగా, ఇంటి దగ్గర ఆరుబయట వెళ్లే అలవాటున్న బిడ్డకు ఆకాశం కనబడేలా, పైకప్పు లేని రేకుల గది ఒకటి తారి గారు కట్టించారు. పక్కన వాడి ఇంటి చెంబు పెట్టారు. నాలుగు రోజులు ఊరికే దాని దగ్గర నిలబెట్టారు, మరో నాలుగు రోజులు బట్టలతోనే కూర్చోబెట్టారు. ఒక్క కసురు లేదు, ఒక్క తొందర లేదు. సద్దుల బతుకమ్మ ముందునాడు అజయ్ తనంతట తానే చెంబు పట్టుకొని వెళ్లాడు. ఎల్లక్క చాలాసేపు తారి గారి చేతులు వదల్లేదు.

మరుసటి ఏడాది జూలైలో, వానలు పట్టిన ఒక ఉదయం పదకొండు గంటలకు, ఆ తాళం వేసిన గది నేల కుంగిపోయింది. ఇల్లంతా అదిరి, జనమంతా పరుగెత్తిన ఆ మహాశబ్దానికి, చీమ నడక వినగల ఈ వ్యాసకర్త గేటు దగ్గర కుర్చీలో గురక పెడుతూనే ఉన్నాడు. తారి గారు వచ్చి భుజం తట్టి లేపవలసి వచ్చింది.

తలుపు తీస్తే నేల లేదు. గుండ్రని నలుపు, అడుగున నీళ్లు. ఎప్పుడో పెద్దలు బండలు పరిచి మూసిన పాత బావి అని ఇంటి యజమాని చెప్పారు. నీటిమట్టం మారినప్పుడు బీటల్లోంచి గాలి ఆడి ఉంటుందన్నారు. అది సబబే. రోజూ పదకొండు గంటలకే ఎందుకో ఆయనా చెప్పలేదు.

అజయ్ అప్పుడు గడప దగ్గరికి నడిచి వచ్చాడు. చెవుల మీద చేతులు లేవు. తల వంచి చాలాసేపు విన్నాడు. తర్వాత తన చెంబు తీసుకొని రేకుల గది వైపు వెళ్లిపోయాడు. వాడి వెనుకే చూస్తూ తారి గారు అన్నది ఒకటే మాట: "ఇప్పుడు ఊకున్నదన్నా."

తారి గారు ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్నారు గనుక, ఇరవై రెండేళ్లు వంగి పనిచేసిన ఆ నడుము ఇకనైనా నిటారుగా విశ్రమించాలని, మోకాళ్లు వారిని సతాయించకూడదని, తండాలో మనుమరాళ్ల పెండ్లిళ్లకు వారే ముందు నిలబడి పాడాలని, ఆయురారోగ్యాలు వారి వెంట మన పిల్లల్లా కొంగు పట్టుకొని తిరగాలని మనందరి తరఫున కోరుకుంటున్నాను.

అభినందన వ్యాసంలో అసత్యం ఉండరాదంటారు గనుక ఒకటి ఒప్పుకోవాలి. పైన చెప్పినదంతా నిజం, ఈ వ్యాసకర్త ఆనాడు పలికిన "ఇన్న సార్" తప్ప. నేలకు చెవి ఆనించినప్పుడు ఇతనికి ఏమీ వినబడలేదు. తారి గారి చెంప మీది గీతలు చూసి ఆ మాట అన్నాడు. ఆ గదిలోని ఊపిరిని విన్నవారు ఇద్దరే.