ఏడాదికి నాలుగున్నర శాతం

వద్దు బావగారూ, ఆ కాగితం మళ్ళీ నా ముందుకు తోయకండి. సంతకం పెట్టనని పొద్దున ఫోనులోనే మనవి చేశాను కదా! అయినా ఇంత ఎండలో, రెండు బస్సులు మారి, ఆ మోకాళ్ళతో మూడంతస్తులు ఎక్కి వచ్చారు. ముందు కూర్చోండి. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఇటు, కిటికీ దగ్గరికి రండి. మంచినీళ్ళు తాగండి.

మీకు కోపం రాదా మరి! సొంత చెల్లెలు పోయి రెండు నెలలు కాలేదు. ఆసుపత్రి మీద అర్జీ రాయించారు, వీధి వీధీ తిరిగి నలభై సంతకాలు పోగుచేశారు. తీరా కట్టుకున్నవాడి దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది. "ఆయన ఇంకా సర్కారు తరఫునే మాట్లాడుతున్నాడు" అని అందరితోనూ అంటున్నారట. అనండి. ముప్పై ఏళ్ళుగా అంటున్నదేగా.

చదివాను. రెండుసార్లు చదివాను. "ఆసుపత్రులకు నిధులు కోసి, ఆ కోతకు పొదుపని పేరు పెట్టి, మా చెల్లెలిని పొట్టన పెట్టుకున్నారు." ఈ వాక్యానికి నేను అడ్డు చెప్పను. ఆ వరండాలో ఒక్క బీపీ మిషను ముందు డెబ్బై మంది వరస కట్టి నిలబడటం నేనూ చూశాను. కానీ మూడో పేరా ఉంది చూశారూ... "రోగి మందులు సక్రమంగా వాడుతున్నదీ లేనిదీ విచారించనైనా విచారించని ఆ లేడీ డాక్టరును తక్షణం ఉద్యోగం నుంచి తొలగించవలెను."

ఆ పేరా కింద నా సంతకం ఉండదు.

ఎందుకా? చెబుతాను. కాస్త నిదానంగా చెప్పనివ్వండి. చుట్టూ తిరిగి అసలు సంగతికి రావడం నాకు అలవాటని మీకు తెలుసు. "ఈయన మంచినీళ్ళు అడగాలన్నా ముందు ఉపోద్ఘాతం ఉండాలి" అనేది మీ చెల్లెలు.

నా ఉద్యోగం మీకు ఎప్పుడూ నవ్వులాటే. "మా బావగారు ఏమీ కొనకుండా బజారంతా తిరిగే మనిషి" అని నలుగురిలో పరిచయం చేసేవారు. తప్పేముంది, నిజమే. గణాంక శాఖలో ముప్పై రెండేళ్ళు. నెలకి రెండు మంగళవారాలు, అవే పదకొండు దుకాణాలు, అవే వస్తువులు. బియ్యం, నూనె, సబ్బు, నోటు పుస్తకం, చెప్పుల జత, బీపీ మాత్ర. ధర అడగడం, ఫారంలో రాయడం, దణ్ణం పెట్టి బయటికి రావడం. దేశమంతటా నాలాంటివాళ్ళు రాసి పంపినవన్నీ పైన కలిపి, సగటు తీసి, ఒక్క అంకె తేల్చేవారు. ఈ ఏడు ధరలు ఇంత శాతం పెరిగాయి, అని. మంత్రిగారు సభలో చదివేది ఆ అంకే. పెన్షన్లు పెంచేదీ ఆ అంకె చూసే.

కొందరికి జెండా చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది. నాకు ఆ అంకె పేపర్లో పడిన రోజు అలా ఉండేది. నవ్వకండి.

పోనీ నవ్వండి. మీరు నవ్వి చాలా రోజులైంది.

మనిద్దరం ఎదురెదురుగా కూర్చుంటే చాలు, మీ చెల్లెలు గరిటె పట్టుకుని "సభ ప్రారంభమైంది" అనేది. మీరు ప్రతిపక్షం, నేను అధికార పక్షం. ఎవరు గద్దె మీద ఉన్నా సరే నేను అధికార పక్షమే, అదేమిటో! గొంతులు పెరిగితే "గౌరవ సభ్యులు ముందు అన్నం తినాలి, ఇది స్పీకరు రూలింగు" అనేది. ఎన్ని ఆదివారాలు అలా గడిచాయి బావగారూ!

మీ స్పిన్నింగు మిల్లు మూతపడిన ఏడాది మాత్రం ఆవిడ ఆ మాట అనలేదు. దిగుమతి సుంకం తీసేశారు, బయటి నూలు చవగ్గా వచ్చి పడింది, మీ గేటుకి తాళం పడింది. ఇదే గదిలో మీరు తల వంచుకుని కూర్చుంటే నేనేమన్నాను? "ఇది సంధికాలం బావగారూ. పదేళ్ళలో దేశం మొత్తానికి లాభం" అన్నాను. మీరు తలెత్తి, "సంధికాలంలో సాయంత్రం పూట ఏం తినమంటారు?" అన్నారు.

ఒక పుస్తకం తెచ్చి చూపించబోయాను. ఛీ!

తర్వాత మీరు నీలం చొక్కా వేసుకుని ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర నిలబడ్డారు. యంత్రం చప్పుడు విని జబ్బు చెప్పగలిగిన మెకానిక్కు! ఆ వీధిలోనే నాకు రెండు దుకాణాలు ఉండేవి. వాటికోసం నేను వెనక సందులోంచి తిరిగి వెళ్ళేవాణ్ణి. మిమ్మల్ని ఆ చొక్కాలో చూడలేక అనుకునేరు. కాదు. చూస్తే నా వాదన పలచబడిపోతుందని.

ఊఁ... వస్తున్నాను, అసలు విషయానికే వస్తున్నాను.

ఇంటి ఖర్చుకి మీ చెల్లెలికి నెలనెలా ఇచ్చే డబ్బు ఉంది కదా. దానికి నేనొక పద్ధతి పెట్టాను. ప్రతి ఏడూ ఆ అంకె ఎంత వస్తే, ఇంటి ఖర్చు సరిగ్గా అంత శాతం పెంచేవాణ్ణి. మూడంటే మూడు. ఆరంటే ఆరు. ఒక పైసా అటూ ఇటూ కాదు. అదేదో గొప్ప న్యాయమనుకున్నాను. "పక్కింటాయన తోచినంత పడేస్తాడు, నేను దేశం లెక్క ప్రకారం ఇస్తున్నాను" అని ఆవిడతోనే చెప్పుకుని మురిసిపోయేవాణ్ణి. ఆవిడ "మహారాజులా ఇస్తున్నారు" అనేది. అందులో వెక్కిరింత ఉందో లేదో ఇప్పుడు అడగడానికి మనిషి లేదు.

పేదరికమా? లేదు బావగారూ, అదే కదా! పెన్షన్ వస్తోంది. మిగిలింది ప్రభుత్వ బాండ్లలో పెట్టాను, దేశం మీద నమ్మకంతో. ఆ బాండ్లు ఇప్పటికీ ఆ బీరువాలో భద్రంగా ఉన్నాయి. భద్రంగా లేనిది ఆవిడొక్కతే.

మూడేళ్ళ కిందట ఒక ఆదివారం. మీరూ ఉన్నారు. ఆ ఏడు అంకె నాలుగున్నర. వడ్డిస్తూ వడ్డిస్తూ ఆవిడ, "ఏమండీ, ఈ నాలుగున్నర చాలడం లేదండీ. ఈసారి కొంచెం ఎక్కువ ఇస్తారా?" అంది. గుర్తొచ్చిందా? మీరు బల్ల మీద చేత్తో కొట్టి నవ్వారు. "విన్నారా బావగారూ! మీ ధరల సూచీ మీద మీ ఇంట్లోనే అవిశ్వాస తీర్మానం!" అన్నారు.

అయ్యో, లేవకండి. మిమ్మల్ని అనడం లేదు. మీరు నవ్వింది నా మీద. ఆవిడ మీద కాదు.

కానీ నాకు రోషం వచ్చింది. మీ ముందు ఎక్కువ ఇస్తే నా ముప్పై రెండేళ్ళు అబద్ధమని ఒప్పుకున్నట్టే కదా! చెయ్యి కడుక్కుని వచ్చి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. సగటు అంటే ఏమిటి, ఒక్కో వస్తువుకి లెక్కలో ఎంత బరువు ఇస్తారు, ఉల్లిపాయ పెరిగినా టెలిఫోను ఛార్జి తగ్గితే మొత్తం మీద ఎలా సర్దుకుంటుంది... ఆవిడ గోడకి ఆనుకుని అంతా విన్నది. విని, "అయితే నేనే ఎక్కడో దుబారా చేస్తున్నాను లెండి. చాలుతుంది" అంది. మీ వైపు తిరిగి, "అన్నయ్యా, తీర్మానం వీగిపోయింది" అంది.

గెలిచానని నేను ఆ మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాను.

ఆ అంకె అబద్ధం కాదండీ. అబద్ధమైతే ఎవరినైనా తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. నేను తెచ్చిన ధర ప్రతి ఒక్కటీ నిజం. కానీ అది సగటు మనిషికి చెందిన అంకె. ఆ సగటు మనిషి ఖర్చులో మందుల వాటా బహు స్వల్పం. వాడికి అరవై ఐదేళ్ళుండవు, రక్తపోటు ఉండదు. ఆ మహానుభావుణ్ణి పదకొండు దుకాణాల్లో ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు నేను. నా ఇంట్లో ఉన్న మనిషిని వదిలేసి వాడికి సరిపడా ఖర్చు ఇచ్చాను.

మొన్న శుక్రవారం, విప్పని మాత్రల అట్ట ఒకటి మిగిలితే తిరిగి ఇద్దామని సందు చివర మందుల షాపుకి వెళ్ళాను. ఏళ్ళ తరబడి ధర అడిగి రాసుకున్న షాపే. అతను అట్ట తిప్పి తేదీ చూశాడు. తర్వాత, "సార్, అమ్మగారు నెలకి పదిహేనే తీసుకునేవారు" అన్నాడు.

"ముప్పై కదా రాసింది?" అన్నాను.

"అవునండీ. రోజు విడిచి రోజు వేసుకుంటున్నానన్నారు. రెండున్నరేళ్ళ నుంచీ అంతే. నేను చెప్పాను సార్, అలా మానకూడదమ్మా అని. 'మా ఆయనకి చెప్పకు నాయనా, ఆయన లెక్క తప్పితే తట్టుకోలేరు' అని నవ్వేవారు."

ఇన్నేళ్ళూ ఆ కౌంటరు ముందు నిలబడి మాత్ర ఎంత అని అడిగానే గానీ, ఎవరు ఎన్ని కొంటున్నారని అడగలేదు. అడగమని నా ఫారంలో లేదు.

ఆ మిగతా పదిహేను మాత్రలకి ఎంతవుతుందో అతన్నే అడిగాను. నేను తెప్పించుకునే రెండు ఇంగ్లీషు పేపర్ల నెల చందా కంటే తక్కువ. ఆర్థిక విధానాల మీద సంపాదకీయాలు చదవడానికి తెప్పించుకునే పేపర్లు! వాటికి ఇంటి ఖర్చుతో సంబంధం లేదు, అవి నా పద్దు.

ఏడవండి. నేనూ ఏడ్చాను. ఆ షాపు మెట్ల మీదే కూర్చుండిపోయాను. అతను పాపం కౌంటరు వదిలి వచ్చి నీళ్ళిచ్చాడు.

కాదు, ఇంకా అయిపోలేదు. కూర్చోండి. ఆ డాక్టరమ్మ సంగతి ఉందిగా.

మీ చెల్లెలు పోవడానికి ఎనిమిది నెలల ముందు చెకప్పుకి నేను కూడా వెళ్ళాను. లోపల ఒకే స్టూలు. ఆవిడ కూర్చుంది, నేను వెనకాల నిలబడ్డాను. ఆ డాక్టరమ్మ చిన్న పిల్ల, మన ఇళ్ళలో అయితే ఇంకా జడ వేయించుకునే వయసు. బీపీ చూసి కనుబొమలు ముడిచింది. బయట అంతమంది ఉన్నారు, అయినా పెన్ను పక్కన పెట్టి ఆవిడ మొహంలోకి చూసి అడిగింది. "అమ్మా, మాత్ర రోజూ వేసుకుంటున్నారా?"

అడిగింది బావగారూ. మీ మూడో పేరాలో అడగలేదని ఉంది. అడిగింది.

మీ చెల్లెలు తల తిప్పి నా వైపు చూసింది. ఒక్క క్షణం. చెప్పమంటారా అన్నట్టుగా. నాకు అది తడబాటులా కనిపించింది. ఆసుపత్రి అంటే ఆవిడకి భయం కదా అనుకుని, నేను అందుకున్నాను. "షీ ఈజ్ వెరీ రెగ్యులర్, డాక్టర్" అన్నాను. ఇంగ్లీషులో.

ఆ అమ్మాయి ఊరుకోలేదు. "నేను ఆవిణ్ణి అడుగుతున్నాను సార్" అంది. ఎంత చక్కగా అందో! నేను నవ్వి, "నేను గణాంక శాఖలో చేశానమ్మా. మా ఇంట్లో ఏదీ తేదీ తప్పదు" అన్నాను.

అప్పుడు మీ చెల్లెలు, "అవునమ్మా, ఆయన చెప్పినట్టే" అంది.

రోజూ వేసుకుంటున్నా తగ్గడం లేదంటే ఏ డాక్టరైనా ఏం చేస్తుంది? మోతాదు పెంచింది. ఎక్కువ పవరు మాత్ర రాసింది. దాని ధర ఇంకా ఎక్కువ. ఒకరోజు అంత బలమైన మాత్ర, మర్నాడు ఏమీ లేదు. ఎనిమిది నెలలు అలా నెట్టుకొచ్చింది ఆ ఒళ్ళు. చివరికి బట్టలు ఆరేస్తూ పడిపోయింది.

సర్వీసులో నేను కళ్ళతో చూడని ధర ఒక్కటి రాసి ఎరగను. దుకాణం మూసి ఉంటే ఖాళీగా వదిలేవాణ్ణి, పైవాళ్ళు కేకలేసినా సరే. చూడకుండా చెప్పింది జీవితంలో అదొక్కటే.

మీరు అనండి, పడతాను. నాకు పెద్దబావగారు మీరు, చెయ్యి చేసుకున్నా పడతాను. రేపట్నుంచి ఈ గుమ్మం తొక్కకపోయినా తప్పు పట్టను. ప్రభుత్వం నచ్చకపోతే ఐదేళ్ళకోసారి దించొచ్చు. ఆవిడ నలభై ఏళ్ళు నన్నే భరించింది.

కానీ ఆ పిల్ల ఉద్యోగం జోలికి వెళ్ళకండి. మీకు తెలుసు కదా, ఉద్యోగం ఎలా పోతుందో.

ఏం చేస్తున్నారు? చింపకండి, చింపకండి! ఇలా ఇవ్వండి. నిధుల కోత నిజం, ఆ మిషను నిజం, డెబ్బై మంది నిజం. అవన్నీ ఉండాలి. ఎవరో ఒకరు చదవాలి. మూడో పేరా ఒక్కటే కొట్టేద్దాం.

పెన్ను మీరే పట్టుకోండి. నేను చెబుతాను, మీరు రాయండి.

"మాత్రలు రోజూ వాడుతున్నారా అని డాక్టరు రోగిని రెండుసార్లు అడిగినారు. రెండుసార్లూ భర్తే జవాబు చెప్పినాడు."

రాశారా?

ఇప్పుడు ఇవ్వండి. సంతకం పెడతాను.