ఏడోది పొలిమేర దాటి ఉండాలి

సూరాయమ్మ తులసికోట చుట్టూ మూడో ప్రదక్షిణంలో ఉందంట. భీష్మాష్టమి, బుధవారం, పొద్దున్న ఎనిమిదింపావు. అంత కచ్చితంగా ఎలా చెప్తారు అంటారేమో, బడి ఆటో ఎనిమిదిన్నరకి వస్తుంది, పిల్లకి ఇంకా రెండో జడ వెయ్యలేదు, అందుకని. ఆ పిల్ల తాయారు, సూరాయమ్మ కొడుకు కూతురు, ఏడేళ్ళది. ఒంటిజడతో వీధరుగు మీద కూచుని ఇడ్లీ తింటా, ఒక ముక్క కుక్కకి చూపించి మళ్ళీ తన నోట్లోనే పెట్టుకుందంట. ఆటకేలే. అది రోజూ వీళ్ళింటి అన్నం తినే కుక్కే. మరి ఆ పూట దానికేం తోచిందో, పిల్ల చెయ్యి పట్టేసింది. పిల్ల కెవ్వుమంది. సూరాయమ్మ ప్రదక్షిణం మధ్యలో వదిలేసి పరిగెత్తింది. అలాంటప్పుడు వదిలితే తులసమ్మ ఏమీ అనుకోదు లెండి. చూస్తే ఏముంది, మోచేతి కింద గోరు గీసినట్టు ఒక చార, మణికట్టు దగ్గర మాత్రం రెండు పళ్ళు దిగబడి రక్తం బొటబొటా కారతా ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వాళ్ళది మామూలిల్లు కాదు. సూరాయమ్మ పెనిమిటి గవరయ్యగారు కుక్కమందు ఇచ్చే మనిషి. తాత ఇచ్చాడు, తండ్రి ఇచ్చాడు, తర్వాత ఈయన. కుక్క కరిస్తే పది ఊళ్ళ వాళ్ళు ఆ గుమ్మంలోకే వచ్చేవాళ్ళు. పరగడుపున పసరు తాగించి, ఏడు బావులు తొంగి చూసి రమ్మని, నలభై రోజుల పథ్యం చెప్పి పంపేవాడు. బావి నీళ్ళలో నీ మొహమే నీకు కనపడాలి, కుక్క మొహం కనపడకూడదు, అదీ నమ్మకం. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు, అంతా పుణ్యానికే. అలాంటి ఇంట్లోనే పిల్లని కుక్క కరిచింది అనుకోండి, ఊరు ఊరంతా చూస్తా ఉంటుంది కదా, ఈయన ఏం చేస్తాడో అని.

గవరయ్యగారు నింపాదిగా లేచి, "ఎందుకా ఏడుపులు? మన కుక్కే కదా, పిచ్చిదేం కాదు. పసరు తీస్తాను, మీరు ఏడు బావులూ చూపించుకురండి. ఏడోది పొలిమేర దాటి ఉండాలి, మర్చిపోకండి" అన్నాడంట. కోడలు నాగరత్నం గాట్ల మీద అద్దుదామని కారండబ్బా పట్టుకొచ్చింది. సూరాయమ్మ ఆ డబ్బా మూత మీద చెయ్యి పెట్టి, "కారం వద్దమ్మా. పసుపూ వద్దు, సున్నమూ వద్దు. ఒంటిసబ్బు పట్టుకురా. అలాగే నా జపమాల" అందంట.

నలభై రెండేళ్ళ కాపరంలో ఆవిడ మొగుడి మాటకి ఎదురు చెప్పింది లేదు. ఆవేళా చెప్పలేదు. "అలాగేనండీ, మొదటిది మన పెరటి బావే కదా" అని పిల్లని బావి చప్టా మీద కూచోబెట్టింది. ఒకసారి తొంగి చూపించింది. ఆ తర్వాత చేద వేసి నీళ్ళు తోడటం, ధారగా పొయ్యటం, సబ్బు రుద్దటం, మళ్ళీ తోడటం. జపమాల కోడలి చేతిలో పెట్టి, "నువ్వు రామనామం చెప్పుకుంటా పూసలు తిప్పు. మూడు మాలలు పూర్తయ్యేదాకా నన్ను ఆపమనకు" అంది. మూడు మాలలంటే పావుగంట. ఏడ్చే మనిషి గడియారం ఏం చూస్తుంది, పూస అయితే చేతికి తెలుస్తుంది. పిల్ల "మంట నానమ్మా, మంటా" అని గింజుకుంటా ఉంటే, "అయిపోయింది నా తల్లీ, అయిపోయింది" అనటమే గానీ, అయ్యింది లేదు. ఈలోపు గవరయ్యగారు పసరు గిన్నె పట్టుకొచ్చి, "ఏమేవ్, బావి చూపించమంటే బావి బావంతా దాని చేతి మీద గుమ్మరిస్తావేంటి?" అన్నాడు. "మొహం కనపడ్డ నీళ్ళు కదండీ, ఒంటికి తగిలితే ఇంకా మంచిది" అంది. "మరి పసరో?" అన్నాడు. "పరగడుపున కదండీ పొయ్యాలి, పిల్ల రెండు ఇడ్లీలు తినేసింది." ఆయన మాటే ఆయనకి అడ్డం పెట్టింది, గొంతు కూడా పెంచకుండా. చూశారా ఆ నేర్పు!

పొలిమేర దాటాలి కాబట్టి ఆటో కావాలంది. మిగతా బావులన్నీ దారిలోనే ఉన్నాయి, ఆటో ఆపకుండానే చూపించేస్తానంది. అత్తాకోడళ్ళు పిల్లతో వెనక ఎక్కితే, గవరయ్యగారు ముందు సీట్లో కూచున్నాడు, సరిగ్గా చూపిస్తందో లేదో కనిపెట్టడానికి. రెండు, మూడు బాగానే ఉన్నాయి. నాలుగోదాని మీద రేకులషెడ్డు లేచింది. అయిదోది ఎప్పుడో పూడిపోయింది. ఆరోది బోరింగు. "బోరింగు బావెలా అవుద్దే?" అని ఆయన. "దాంట్లోకీ నీళ్ళు భూమిలోంచే కదండీ వచ్చేది" అని ఈవిడ. ఆటో నడిపే అబ్బాయి నవ్వాపుకోలేక చచ్చాడంట. "సరే, ఏడోది ఎక్కడో చెప్పవేం?" "పొలిమేర దాటనివ్వండి." అట్లా నాలుగు కిలోమీటర్లు పోయి ఆగింది, మండలం సర్కారాసుపత్రి ఆవరణలో. నిజంగానే ఉంది అక్కడ బావి, ఇనప జల్లెడ వేసి.

గవరయ్యగారు దిగలేదు. "కుక్కమందు గవరయ్య మనవరాలికి సూదిమందా? రేపటి నుంచి నా గుమ్మం ఎవరు తొక్కుతారే?" అన్నాడు. అప్పుడు చెప్పిందంట సూరాయమ్మ, పదకొండేళ్ళు కడుపులో దాచుకున్న మాట. "మీ మందు తిని బతికినవాళ్ళు కొబ్బరికాయ పట్టుకుని వచ్చారండీ. బతకనివాళ్ళు ఎలా వస్తారు? మగ్గం సోమయ్య గుర్తున్నాడా? పసరు తాగాడు, ఏడు బావులూ చూశాడు. మూడో నెలలో మంచినీళ్ళ గ్లాసు చూసి వణికిపోతా పోయాడంట. వాళ్ళావిడ వచ్చింది, మీరు పొలంలో ఉన్నారు. మిమ్మల్ని ఒక్క మాట అనలేదు, మజ్జిగ ఇస్తే తాగి వెళ్ళిపోయింది. ఆ తర్వాతే నేను ఆస్పత్రి నర్సమ్మని అడిగి అంతా తెలుసుకున్నాను. మీకు చెప్పలేకపోయాను. ఇవాళ మన పిల్లండీ" అని. గవరయ్యగారు ఆటో దిగాడు, పిల్లని తనే ఎత్తుకుని లోపలికి నడిచాడు.

డాక్టరమ్మ చెయ్యి తిప్పి తిప్పి చూసి చెప్పిందంట. "చర్మం బాగుండి, కుక్క ఊరికే నాకితే కడుక్కుంటే చాలు. ఇదిగో ఈ చారలాగా రక్తం రాకుండా గీరినా టీకా వెయ్యాల్సిందే. ఇలా రక్తం వచ్చిందా, టీకా ఒక్కటే చాలదు, గాయం లోపలా చుట్టూ వేరే మందు ఎక్కించాలి. చేతికీ మొహానికీ కరిస్తే అసలు ఆలస్యం చెయ్యకూడదు" అని. "మా ఇంటి కుక్కేనమ్మా" అన్నాడు గవరయ్యగారు, నీరసంగా. "ఎవరింటి కుక్కయినా అంతే పెద్దాయనా. పది రోజులు దాన్ని కట్టేసి కనిపెట్టి చూడండి, కానీ అది బాగుందా లేదా అని చూస్తా సూది ఆపకూడదు. చీటీ మీద రాసిన తేదీలు ఒక్కటీ తప్పకూడదు" అని, "ఇంత శుభ్రంగా ఎవరు కడిగారు? సగం వైద్యం ఇంటి దగ్గరే అయిపోయింది" అందంట. నాగరత్నం అత్తగారిని చూపించింది. ఆవిడేమో తలొంచుకుని, "రాముడే కడిగించాడమ్మా" అంది. సూదులన్నీ తేదీ తప్పకుండా వేయించారు. స్వామి దయవల్ల ఆ తాయారే ఇప్పుడు డిగ్రీ చదువుతా ఉంది.

ఆ మర్నాడు తెల్లారింది. కుక్కని పశువులపాకలో గొలుసేసి కట్టారు, దాని అన్నం దానికి పెట్టారు. ఇంతలో పక్కూరి మనిషొకడు పిక్క పట్టుకుని కుంటుకుంటా గుమ్మంలోకి వచ్చాడు, మందు కోసం. గవరయ్యగారు వంగి పిక్క చూసి, "రక్తమొచ్చిందిగా" అని, వాణ్ణి చప్టా మీద కూచోబెట్టి తనే చేద వేశాడంట. సూరాయమ్మ సబ్బు అందించింది, నాగరత్నం పూసలు తిప్పింది. మూడు మాలలూ అయ్యాక, "మందు ఇప్పుడు ఆస్పత్రిలో ఇస్తన్నారు, పద" అని మోపెడ్ వెనకాల ఎక్కించుకున్నాడు. అయితే మోపెడ్ కదిలేముందు వాడి వైపు తిరిగి, "నలభై రోజులు వంకాయ ముట్టుకున్నావో, చూడు!" అని గట్టిగా చెప్పాడంట. పోనీలెండి పాపం, తాతల నాటి ఇల్లు, ఒక్క మాటైనా ఆయనది ఉండాలి కదా.